ఒక్కసారి వెనక్కి పంపొచ్చు

స్నేహలత టీచరుకు ఒకచోట కూర్చోవడం చేతకాదు. అన్నం వంటగట్టు దగ్గర నిలబడే తింటుంది. చర్చిలో ప్రసంగం కాస్త సాగిందంటే చాలు, వెనక బల్ల మీంచి లేచి, పసిపిల్లల్ని సముదాయించే తల్లులతో పాటు వరండాలో పచార్లు మొదలుపెడుతుంది. "ముప్ఫయ్యేళ్ళు నిలబడి పాఠాలు చెప్పిన కాళ్ళు. కుర్చీని చూస్తే వాటికి భయం," అని భర్త దేవరాజు వేళాకోళం చేస్తుంటాడు. ఆయన పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, కూర్చోవడంలో ఆరితేరినవాడు.

ఏలూరు పవర్‌పేటలో వాళ్ళ ఇంటి ముందుగదిలో గోడకు ఒక ప్రశంసాపత్రం వేలాడుతూ ఉంటుంది. పదో తరగతిలో నూరు శాతం ఫలితాలు సాధించినందుకు ఆ తరగతి టీచరుగా స్నేహలతకు ఇచ్చినది. పదిహేనేళ్ళ నాటిది. దేవరాజే అద్దం కట్టించి తగిలించాడు. ఇంటికొచ్చినవాళ్ళు దాన్ని చూసి మెచ్చుకుంటుంటే ఆవిడ కాఫీ పెట్టే వంకతో లోపలికి వెళ్ళిపోతుంది. మొహమాటం కాబోలు అనుకుంటారు. మొహమాటం కాదు. అదేమిటో కాసేపాగి చెబుతాను.

ఆవిడ చెప్పేది సాంఘికశాస్త్రం. ఇప్పుడు పెదవేగి దగ్గర ఆయిల్ పామ్ తోటల మధ్య బడిలో చేస్తోంది. పదిహేనేళ్ళ క్రితం మండవల్లి మండలంలో, కొల్లేటి అంచున ఒక ఊళ్ళో చేసింది. ఎక్కడ చేసినా ఆవిడ రాష్ట్రపతి పాఠానికి పేరుండేది. ఆ పాఠం రోజున హెడ్మాస్టరు గారి బల్ల మీద ఉండే రబ్బరు స్టాంపూ, ఇంకు ప్యాడూ అడిగి తరగతికి తెచ్చుకునేది.

"దేశంలో అందరికంటే పెద్ద పదవి ఎవరిది? రాష్ట్రపతిది. సైన్యానికి అధిపతి ఎవరు? రాష్ట్రపతి. ఆ సంతకం లేకపోతే ఏ బిల్లూ చట్టం కాదు. ప్రధానమంత్రిని నియమించేదీ రాష్ట్రపతే. మరి ఇన్ని అధికారాలున్న మనిషి సొంతంగా ఏం చెయ్యొచ్చు? ఏమీ లేదు! మంత్రిమండలి ఎలా చెబితే అలా. ఇదిగో, రాష్ట్రపతంటే ఇదీ," అంటూ ముందు బల్లలో పిల్లవాడి అరచెయ్యి లాక్కుని టప్పున స్టాంపు కొట్టేది.

ఇక తరగతంతా అరచేతులే. మధ్యాహ్నం భోజనం గంటకు కూడా కొందరు ఆ చెయ్యి కడుక్కునేవారు కాదు, ముద్ర పోతుందని. పరీక్షలో ఆ ప్రశ్న వస్తే ఒక్కడు కూడా తప్పు రాయలేదు. పాఠం చివర క్షమాభిక్ష గురించి నాలుగు వాక్యాలుండేవి. ఉరిశిక్ష పడ్డవాళ్ళు రాష్ట్రపతికి అర్జీ పెట్టుకోవచ్చు అని. వాటి పక్కన స్నేహలత పుస్తకంలో పెన్సిలుతో పెట్టిన ఇంటూ గుర్తు ఉంది. ఇంపార్టెంటు కాదు, వదిలెయ్యండి అని దానికి అర్థం. కొల్లేరు ఊళ్ళో పిల్లలకు ఉరిశిక్షల సంగతి దేనికి, ప్రభుత్వం పెట్టే పరీక్షకు రానిది దేనికి అని ఆవిడ లెక్క.

అలాంటి ఒక రోజున, స్టాంపు పడిన చెయ్యి ఎత్తి తొమ్మిదో తరగతి సుకుమార్ ఒక మాట అడిగాడు.

"మేడం, స్టాంపు కొట్టనని అనొచ్చా అండీ?"

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది.

"అది పరీక్షకు రాదురా. కూర్చో."

వాడు కూర్చున్నాడు.

*

మొన్న ఆగస్టులో ఒక శనివారం ఉదయం ఆ సుకుమార్ తల్లి సువర్ణ ఏలూరులో టీచరు గారి ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. చేపల ప్యాకింగులో పనిచేసే మనిషి. రోజంతా ఐసులో నానే వేళ్ళు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. సోఫాలో కూర్చోమంటే కూర్చోలేదు. ఈవిడా కూర్చునే రకం కాదు. ఇద్దరూ ముందుగదిలో నిలబడే మాట్లాడుకున్నారు.

సుకుమార్‌కు ఉరిశిక్ష పడిందని స్నేహలతకు తెలుసు. పేపర్లో చూసింది. తొమ్మిదేళ్ళ కిందట ఇద్దరు చేపల చెరువుల యజమానుల మధ్య తగాదాలో, ఒకరి మాట మీద వెళ్ళి, రెండోవాళ్ళ చెరువు గట్టు మీది కాపలా గుడిసెకు నిప్పు పెట్టాడు. లోపల కాపలావాడు, అతని భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు. నలుగురూ పోయారు. కింది కోర్టు ఉరి వేసింది, పై కోర్టులు కాదనలేదు. ఆ పేరు పేపర్లో చూసిన రోజున స్నేహలత ఆ పేజీ మడిచి పాత పేపర్ల అడుగున పెట్టేసింది. మా బడిలో చదివిన పిల్లాడేనని భర్తతో కూడా అనలేదు.

"గవర్నరు గారు కూడా కుదరదన్నారండీ టీచరు గారూ," అంది సువర్ణ. "ఇంక రాష్ట్రపతి గారొక్కరే మిగిలారంట. అరవై రోజుల్లోపు అర్జీ పెట్టాలంట. యాభై ఐదు అయిపోయాయండీ. వీడేమో సంతకం పెట్టనంటాడు."

"ఎందుకు పెట్టనంటున్నాడు?"

"నాకేం తెలుసండీ. నన్నసలు చూడనంటాడు గదా. వెళ్ళినప్పుడల్లా పేరు రాయిస్తాను, రానని కబురు పంపిస్తాడు. జైలుకి వెళ్ళాక వచ్చిన కోపం కాదండీ ఇది. బడి మానేసిన కాడి నుంచీ అంతే. వాడే మానేశాడు, ఎంత బతిమాలినా వినలేదు. గట్టిగా అడిగితే 'నాటకాలు చాలు' అన్నాడు. ఏం నాటకమో నాకు ఇప్పటికీ తెలీదండీ."

స్నేహలత, ప్రశంసాపత్రం ఉన్న గోడ వైపు వీపు తిప్పుకుని, "లాయరు గారి దగ్గరికి వెళ్దాం పద," అంది.

లాయరు పట్టాభిరామయ్య గారి ఆఫీసు కోర్టుకు దగ్గరలోనే. ఫీజు తీసుకోకుండా ఈ కేసు చూస్తున్న పెద్దమనిషి. స్నేహలత పేరు వినగానే కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మీరేనా అమ్మా ఆ టీచరు గారు! మీ గురించే అనుకుంటున్నాను. తల్లి కూడా అర్జీ పెట్టొచ్చు, చట్టంలో ఉంది. కానీ ఆ కుర్రాడు నాకు క్షమాభిక్ష వద్దు, మా అమ్మ పెట్టినా తీసుకోవద్దు అని రాసిచ్చాడు. అది ఫైల్లో ఉంటే, తల్లి కాగితానికి బలమేముంటుంది? ఎందుకు రాశావయ్యా అంటే ఏమన్నాడో తెలుసా? 'రాష్ట్రపతి రబ్బరు స్టాంపండీ. మా టీచరు గారు చెప్పారు, చేతి మీద కొట్టి మరీ చెప్పారు' అన్నాడు."

పట్టాభిరామయ్య గారు తప్పు పట్టడానికి అనలేదు. విచిత్రంగా ఉందని అన్నాడు, అంతే. కానీ స్నేహలత కుర్చీ వెనక భాగం పట్టుకుంది. తన పాఠం ఇంత గట్టిగా గుర్తుపెట్టుకున్న విద్యార్థి ఇన్నేళ్ళలో ఒక్కడున్నాడు, వాడు దాన్ని ప్రాణం మీదికి తెచ్చుకుని కూర్చున్నాడు. 

"మీరు వెళ్ళి చెబితే వింటాడేమో. సోమవారానికి రాజమండ్రి జైల్లో ములాఖత్ రాయిస్తాను," అన్నాడు లాయరు. "ఒక్కటి మాత్రం చూసుకోండి. అబద్ధం ఆశ పెట్టొద్దు. తెలివైన కుర్రాడు, పట్టేస్తాడు."

*

ఆ శని ఆదివారాలు స్నేహలత ఇంట్లో చెయ్యని పని లేదు. దులిపిన బూజే మళ్ళీ దులిపింది. ఆదివారం ప్రార్థన అయ్యాక అటక మీంచి పాత పుస్తకాల పెట్టె దింపి, ఎప్పుడో బీఎడ్ చదివేటప్పుడు కొన్న రాజ్యాంగం పుస్తకం తీసింది. కిటికీ దగ్గర నిలబడి రాష్ట్రపతి అధ్యాయం మొదటి నుంచీ చదివింది.

తను చెప్పిందేమీ తప్పు కాదు. మంత్రిమండలి సలహా ప్రకారమే రాష్ట్రపతి నడుచుకోవాలి. క్షమాభిక్షలో కూడా అంతే. ఫైలు హోంశాఖ చూసి ఇలా చెయ్యండని చెప్పాకే రాష్ట్రపతి దగ్గరికి వెళుతుంది. కానీ దాని కిందే ఇంకో వాక్యం ఉంది. ఆ సలహాను మరొక్కసారి ఆలోచించండని రాష్ట్రపతి వెనక్కి పంపవచ్చు. ఒక్కసారి. రెండోసారి కూడా అదే సలహా వస్తే ఒప్పుకోక తప్పదు. ఆ వాక్యం కింద పచ్చ ఇంకుతో గీత కూడా ఉంది. గీసింది తనే, ఇరవై మూడేళ్ళ వయసులో.

స్టాంపు కొట్టనని అనొచ్చా అండీ అని వాడు అడిగినదానికి జవాబు ఇక్కడే ఉంది. మరీ పెద్ద జవాబేం కాదు. చెప్పడానికి అర నిమిషం పట్టేది. తను చెప్పలేదు.

అంతవరకే అయితే స్నేహలత గుండె నిబ్బరం చేసుకునేదే. ఇంపార్టెంట్లు టిక్కు పెట్టి మిగతావి వదిలేయడం టీచర్లందరూ చేసే పనే. అసలు బాధ గోడ మీద అద్దంలో ఉంది. ఇప్పుడు ఆ సంగతి చెప్పాలి.

సుకుమార్ పదో తరగతికి వచ్చిన ఏడాది అచ్యుతరావు గారు హెడ్మాస్టరు. చెడ్డవాడు కాదు, బడి పేరంటే ప్రాణం. జిల్లాలో నూరు శాతం ఫలితం వచ్చిన బళ్ళ జాబితాలో తమ బడి లేదని ఆయన దిగులు. పరీక్షకు పిల్లల పేర్లు పంపేముందు తప్పుతారనుకున్న వాళ్ళను మెల్లగా తప్పించేస్తే శాతం దానంతటదే వస్తుంది. ఆ ఏడాది అలా ఆయన లెక్కలో తేలినవాడు ఒక్కడే, సుకుమార్. చెరువుల్లో చేపలు పట్టే రోజుల్లో కూలికి వెళ్ళి బడి ఎగ్గొట్టేవాడు. లెక్కల్లో సున్నా. సాంఘికంలో మాత్రం తరగతిలో మొదటివాడు.

అచ్యుతరావు గారు సువర్ణను పిలిపించి, "పిల్లాడి మంచికే, ఇక్కడ వేలిముద్ర వెయ్యమ్మా," అన్నారు. సువర్ణకు చదువు రాదు. స్కాలర్‌షిప్ కాగితం అనుకుంది, అలా అనుకుంటోందని గదిలో అందరికీ తెలుసు. ఇంకు ప్యాడు పట్టుకుని పక్కన నిలబడ్డది క్లాసు టీచరు స్నేహలత. ఆ ప్యాడే, ఆ ఇంకే. టీసీ మీద "తల్లి కోరిక మేరకు, కుటుంబ పరిస్థితుల కారణంగా" అని రాశారు. కింద క్లాసు టీచరు ధ్రువీకరించాలి. పెన్ను చేతిలో పెట్టుకుని స్నేహలత ఒక్క క్షణం ఆగింది. మాస్టారూ, ఇంకోసారి ఆలోచిద్దామండీ అని నాలుక చివరి దాకా వచ్చింది. ఆయన ఎదురుగా కూర్చుని గోడ గడియారం చూస్తున్నారు. పెట్టేసింది.

వేసవిలో ఫలితాలు వచ్చాయి. నూరు శాతం.

*

సోమవారం ఉదయం రైల్లో సువర్ణ కిటికీ పక్కన కూర్చుంది. ఒళ్ళో చిన్న స్టీలు క్యారేజీ. లోపలికి తీసుకెళ్ళనివ్వరని తెలుసు, అయినా ప్రతిసారీ తెస్తుందట. కొరమీను పులుసు. చూడనని వాడు కబురు పంపాక, రాజమండ్రి స్టేషన్లో ఎవరైనా ముసలివాళ్ళు కనబడితే పెట్టేసి ఇంటికి పోతుందట.

స్నేహలత సీటుకు, తలుపుకు మధ్య తిరుగుతూనే ఉంది. ఇప్పుడే చెప్పెయ్యాలి. లోపలికి వెళ్ళకముందే ఈ మనిషికి చెప్పెయ్యాలి. తాడేపల్లిగూడెంలో రైలు ఆగింది. ఉల్లిపాయల ఘాటు పెట్టెలోకి వచ్చింది. ఎక్కేవాళ్ళు ఎక్కారు, దిగేవాళ్ళు దిగారు. రైలు కదిలాక చెబుదాం అనుకుంది. కదిలింది.

"సువర్ణా..."

"ఏవండీ టీచరు గారూ?"

ఆ మొహంలో ఉన్న నమ్మకం చూసి స్నేహలత మాట మింగేసింది. "ఏం లేదు. టిఫిను తిన్నావా అని."

"తిన్నానండీ. మీరు కాసేపు కూర్చోండి. కాళ్ళు పీకుతాయి." ఒక నిమిషం ఆగి మళ్ళీ తనే అంది. "టీచరు గారూ, రాష్ట్రపతి గారు మనలాంటి వాళ్ళ కాగితాలు చదువుతారాండీ?"

ఇంకెవరైనా అడిగితే స్నేహలత హోంశాఖ, ఫైళ్ళు, అండర్ సెక్రటరీలు అంటూ పాఠం మొదలుపెట్టేది. ఈ మనిషికి ఆ పాఠం చెప్పడానికి నోరు రాలేదు. "ముందు మనం రాసి పంపితే కదా చదవడానికి," అంది.

జైలు దగ్గర యథాప్రకారం సువర్ణ పేరుకు రానన్నాడు. టీచరు గారి పేరుకు వచ్చాడు.

ఇనప జాలీకి అవతల సన్నగా, నున్నటి తలతో నిలబడి ఉన్నాడు. ముప్ఫయ్యేళ్ళు. స్నేహలతను చూడగానే రెండు చేతులూ కట్టుకున్నాడు, తరగతిలో నిలబెట్టినట్టు.

"బాగున్నారాండీ మేడం? జుట్టు నెరిసిందండీ."

"నెరవదా మరి," అంది ఆవిడ. "నీ జవాబు చెప్పడానికొచ్చానురా. తొమ్మిదిలో ఒక ప్రశ్న అడిగావు. స్టాంపు కొట్టనని అనొచ్చా అని. పరీక్షకు రాదని కూర్చోబెట్టాను."

వాడు కొంచెం నవ్వాడు. "గుర్తుందాండీ మీకు?"

"అనొచ్చు. ఒక్కసారి అనొచ్చు. ఇంకోసారి ఆలోచించండని వెనక్కి పంపొచ్చు. నేను ఆ ముక్క చెప్పలేదు."

"ఆలోచించి మళ్ళీ అదే పంపితే?"

"అప్పుడు కొట్టాలి."

"మరి ఏం లాభమండీ?"

"లాభం ఉంటుందని నేను చెప్పను. రాష్ట్రపతి వెనక్కి పంపుతారనీ చెప్పలేను. కానీ నీ కాగితమే వెళ్ళకపోతే ఆ అడిగే అవకాశం కూడా ఉండదు."

సుకుమార్ మెల్లగా అన్నాడు. "నలుగురు పోయారండీ మేడం. అంటించింది నేనే. లోపల మనుషులున్నారని తెలీదన్నాను, కోర్టు నమ్మలేదు. ఒక్కోసారి నాకే నమ్మబుద్ధి కాదు. ఆ తలుపు దగ్గర చిన్న చెప్పులు ఉన్నాయేమో, నేను చూశానేమో అనిపిస్తుంది. నాకెందుకండీ క్షమాభిక్ష?"

"అదే రాయి," అంది స్నేహలత. "లాయరు గారు టైపు చేసింది వద్దు. ఇప్పుడు నాతో అన్నది రాయి. ఆ నలుగురి పేర్లూ రాయి."

వాడు తల అడ్డంగా ఊపాడు. గార్డు గోడ గడియారం వైపు చూశాడు. ఇంకా పది నిమిషాలు. వచ్చిన పని ఇంతటితో అయిపోయిందని, ఇక వెళ్ళిపోవచ్చని స్నేహలత కాళ్ళు అంటున్నాయి. ఆవిడ కాళ్ళ మాట ఎన్నడూ కాదన్నది కాదు. ఈసారి జాలీ ముందు వేసి ఉన్న స్టూలు లాక్కుని కూర్చుంది.

"సుకుమార్, ఇంకోటి చెప్పాలి. నీ టీసీ సంగతి."

వాడి మొహం ముడుచుకుపోయింది. "అది ఇప్పుడెందుకండీ. అమ్మ అడిగింది, మీరిచ్చారు. నేను చదివాను గదండీ. తల్లి కోరిక మేరకు అని ఉంది. నన్ను చెరువులో దింపడానికి బడి మానిపించి, ఇంటికెళ్ళాక ఎందుకు మానేశావురా అని ఏడుపు. అంత నాటకం నేనెక్కడా చూడలేదండీ."

"మీ అమ్మ అడగలేదురా."

గార్డు కూడా ఇటు తిరిగాడు.

"మీ అమ్మకు ఆ కాగితమేంటో తెలీదు. స్కాలర్‌షిప్ అనుకుని వేలిముద్ర వేసింది. ఇంకు ప్యాడు పట్టుకున్నది నేను. నూరు శాతం కావాలని మేమే తీసేశాం నిన్ను. కింద నిజమని సంతకం పెట్టింది నేను. ఒక్కసారి ఆలోచించండి మాస్టారూ అని నేను అనొచ్చు. అని ఉంటే నువ్వు పరీక్ష రాసేవాడివేమో, తప్పేవాడివేమో, నాకు తెలీదు. అనలేదు. రాష్ట్రపతిని రబ్బరు స్టాంపని పిల్లల చేతుల మీద కొట్టి చూపించాను. ఆ రోజు ఆ గదిలో స్టాంపుని నేనేరా."

ఆవిడ ఏడుస్తోంది. ఏడుస్తున్నందుకు సిగ్గుపడుతోంది. ఇక్కడ ఏడవాల్సింది తను కాదని తెలుసు.

సుకుమార్ తనను తిడతాడనుకుంది, తిడితే బాగుండుననుకుంది. వాడు ఆవిడ మాటే ఎత్తలేదు. పదిహేనేళ్ళు వెనక్కి వెళ్ళి ఒక్కో రోజూ తిప్పి చూసుకుంటున్నట్టు కళ్ళు నేల మీదే ఉన్నాయి. తర్వాత రెండు చేతులూ జాలీకి ఆనించాడు.

"ఇవాళ వచ్చిందాండీ అమ్మ?"

"బయట ఉంది. ప్రతిసారీ వస్తుంది."

"క్యారేజీ తెచ్చిందా?"

"తెచ్చింది."

వాడు గార్డు వైపు తిరిగి, "అన్నా, మా అమ్మ పేరు రాయించింది, ఇందాక వద్దన్నాను. ఇప్పుడు పిలిపిస్తావా?" అన్నాడు. గార్డు గడియారం చూసి, టైమైపోతోంది, సూపరింటెండెంటు గారిని అడగాలి, ఇవాళ కుదరదేమో అన్నాడు.

"ఒక్కసారి అడిగి చూడండి బాబూ," అంది స్నేహలత లేచి. "కుదరదంటే కుదరదని వచ్చి చెబుదురు గాని. అడగండి."

గార్డు వెళ్ళాడు.

*

సువర్ణ బయట గోడ నీడన నిలబడి ఉంది. టీచరు గారు ఒక్కరే వస్తుంటే సంతకం పెట్టలేదనుకుని క్యారేజీ గట్టిగా పట్టుకుంది. స్నేహలత దగ్గరికొచ్చి ముందు ఆ మాట చెప్పలేదు. ముందు చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. టీసీ సంగతి మొదటి నుంచీ చివరి దాకా, వేలిముద్రతో సహా, ఎక్కడా మెత్తబరచకుండా చెప్పింది. వాడు చదివిన మాటలు చెప్పింది. నాటకమని ఎందుకన్నాడో చెప్పింది.

సువర్ణ వింటున్నంతసేపూ తన కుడిచేతి బొటనవేలు చూసుకుంటూ ఉంది.

"నేనేనాండీ మాన్పించానని అనుకున్నాడు?" అంది. "ఇన్నేళ్ళూ?"

"అవును."

"వాడు పట్టుకొచ్చిన కాగితం నేను బైబిల్లో పెట్టి దాచానండీ. మంచి కాగితమని."

స్నేహలత చేతులు జోడించబోయింది. అప్పుడే గేటు దగ్గర నుంచి గార్డు కేక వేశాడు, సుకుమార్ తల్లి ఎవరు, రావాలి, ఐదు నిమిషాలే అని. సువర్ణ క్యారేజీ కింద పెట్టి, చెంగుతో మొహం తుడుచుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళింది. ఆ మనిషి అంత వేగంగా నడవగలదని స్నేహలత అనుకోలేదు.

ఐదు నిమిషాలు ఇరవై అయ్యాయి. స్నేహలత క్యారేజీ పక్కన నిలబడి ఉంది. ఎక్కడికీ కదలలేదు. సువర్ణ తిరిగి వచ్చేటప్పటికి కళ్ళు వాచి ఉన్నాయి, చేతిలో తెల్లకాగితాలు రెండున్నాయి. సూపరింటెండెంటు గారు చూసి, లాయరుకు చూపించి రేపు తెమ్మన్నారట. ముందు క్షమాభిక్ష వద్దని రాసిచ్చింది వెనక్కి తీసుకుంటున్నానని ఒకటి, అర్జీ ఒకటి. అర్జీ మీద మొదటి నాలుగు వరుసలూ నాలుగు పేర్లు, కాపలావాడిది, భార్యది, ఇద్దరు పిల్లలది. ఆ తర్వాత సుకుమార్ రాత. చివర సంతకం. దాని పక్కన నీలం ఇంకుతో ఒక వేలిముద్ర కూడా ఉంది.

"నన్ను కూడా వెయ్యమన్నాడండీ," అంది సువర్ణ. "ముందు మొత్తం చదివి వినిపించాడు. అప్పుడు వెయ్యమన్నాడు."

స్నేహలత కాగితాలు అందుకుంది. "సువర్ణా, నన్ను..."

"వద్దండీ టీచరు గారూ. ఇప్పుడు నన్నేం అడక్కండి." సువర్ణ గొంతు పెద్దది కాలేదు. అండీ అనడం కూడా మానలేదు. "మీ మీద నాకు చాలా కోపంగా ఉందండీ. ఎంతుందో నాకే తెలీటం లేదు. కోపం తర్వాత పడతాను. ఇంకా మూడు రోజులే ఉన్నాయి. ముందు ఇది పంపించండి."

క్యారేజీ చేతికి తగిలించుకుని స్టేషన్ వైపు నడిచింది. స్నేహలత కాగితాలు గుండెకు ఆనించి పట్టుకుని వెనకే వెళ్ళింది.